వాంగప్ప మిద్దె మీద లేని గుర్రం

రండి, ఇంకాస్త దగ్గరికి జరిగి కూర్చోండి. గోడకు ఆనుకొని అంత దూరాన కాదు, ఇక్కడ, నా మోకాలి పక్కన. ఇవాళ నా గొంతు అంత దూరం రాదు. ఎడమ దవడ పూరీలా పొంగి ఉంది, మాట సగం పళ్ళ మధ్యనే చిక్కుకుంటోంది. పొయ్యి మీద కాఫీ ఉంది, కావలసిన వాళ్ళు పోసుకోండి, నన్ను మాత్రం లేపకండి. మొన్న నొప్పి ఓర్చుకోలేక స్టేషన్ దారిలో కొత్తగా పెట్టిన పళ్ళ క్లినిక్కుకు పోయాను. చల్లటి గది, పడుకోబెట్టే కుర్చీ, ముఖం మీదికి ఒక దీపం. ఇంకా చిన్న వయసు డాక్టరమ్మ నా నోట్లో అద్దం పెట్టి చూసి, "ఆంటీ, లోపలి పక్క ఈ వెండి పట్టీ ఏసి పన్ను కట్టింది ఎవురు? ఇట్లాంటిది నేను పుస్తకంలో గూడా చూల్యా" అంది. నోటి నిండా దూది పెట్టి ప్రశ్నలడిగితే ఏం చెప్పను? "ఆ... ఆ..." అన్నాను. ఆమె నొప్పేమో అనుకుని ఇంకో సూది వేసింది. చెప్పలేకపోయిన ఆ జవాబు అప్పటినుంచి నాలో కుతకుతలాడుతూనే ఉంది. ఆ పన్ను కట్టినాయన ఒక చీనా మనిషి. దాని ముందున్న అసలు పన్నును రాలగొట్టింది ఒక హొసపేట అమ్మాయి. వాళ్ళిద్దరి మధ్యా ఉన్న తెలివితక్కువదాన్ని నేను.

అప్పట్లో బళ్ళారికి ఇనుము పిచ్చి పట్టింది. మన సండూరు కొండల మట్టి చీనాకు కావాలట, ఎంత తవ్వితే అంత కావాలట. రాత్రీ పగలూ లారీలే. మా ఇల్లు ఆ లారీలు పోయే రోడ్డు పక్కనే. ఆరేసిన బట్టలు, మూత పెట్టని నీళ్ళు, మా అవ్వ తల నెరుపు, అన్నీ ఎర్రగా అయ్యేవి. ఇంటి లోపలేమో నీలం. మా అమ్మ సువార్తమ్మ జీన్స్ ప్యాంట్ల మూటలు ఇంటికి తెచ్చుకుని వేలాడే దారాలు కత్తిరించేది. ఆ రంగు ఆమె గోళ్ళల్లో దిగి ఎంత తోమినా పోయేది కాదు. అమ్మ పెట్టిన పెరుగు ముద్దకు ఒక పక్క నీలం చార ఉండేది. నాయన తన తుండుగుడ్డ పిండితే మోరీలో ఎర్రనీళ్ళు పోయేవి. నాయన టిప్పర్ డ్రైవరు, కొండ మీంచి రైలు సైడింగు దాకా ఖనిజం తోలేవాడు. సాయంత్రం చాప పరిచి అందరం ప్రార్థనకు కూర్చుంటే నాయన మొదలుపెట్టేవాడు, నడుమ దగ్గు వచ్చేది, మిగతాది అవ్వ అందుకునేది. అవ్వ పాటల పుస్తకం సంచిలో నశ్యం డబ్బా కూడా ఉండేది. కళ్ళు మూసుకున్నప్పుడే పీల్చేది కాబట్టి మా ఇంట్లో ప్రతి ప్రార్థనా ఒక తుమ్ముతో ముగిసేది.

నాయన దగ్గు మొదట్లో చలికాలం దగ్గు. తర్వాత అన్ని కాలాలదీ అయింది. ఆసుపత్రిలో చూసి, దుమ్ములోంచి బయటికి రాకపోతే ఊపిరితిత్తులు ఎండిపోతాయని తేల్చి చెప్పారు. "లారీ దిగితే తినేదేంది? అమ్మ దారాలా?" అని నాయన నవ్వాడు, నవ్వుతో పాటు దగ్గాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే ఒక గని ధణి ఇంటి ఆడవాళ్ళకు కాపలాగా ఆడమనుషులు కావాలని కబురొచ్చింది. ధణి అంటే మా పక్క యజమాని. కర్రసాము, కరాటే, ఏదో ఒకటి వచ్చిన ఆడపిల్లల మధ్య పోటీ పెట్టి ఎంచుకుంటారట. నాయన అన్నం తింటూ, "ఏమ్మే రూతమ్మా, నీకు ఆ ఉజ్జోగం వస్తే ఆ పొద్దే నేను లారీ దిగుతా" అన్నాడు. ఆయన ఆట పట్టించడానికే అన్నాడు. నేను మాత్రం చెయ్యి కూడా కడుక్కోకుండా ఆ మాటను గట్టిగా పట్టుకున్నాను.

ఎందుకంటే నేను కిక్‌బాక్సర్ని. నవ్వండి, నవ్వండి, ఇప్పుడీ ఒళ్ళు చూసి నవ్వక ఏం చేస్తారు. తొమ్మిదో తరగతిలో బడి మానేసి, కల్యాణ మంటపం వెనక రేకుల షెడ్డులో బసవరాజు సార్ దగ్గర చేరాను. లెక్కలు రాలేదు గానీ కాలు చెవి దాకా లేచేది. ఆ ఒక్క కాలుతో నేను లోకాన్ని ఏలుతున్నట్టు నడిచేదాన్ని. తన్నడానికి బ్యాగు కొనే స్తోమత లేక అమ్మ తెచ్చిన జీన్స్ మూటనే దూలానికి వేలాడదీసి తన్నేదాన్ని. ఒకసారి మూట కుట్టు విడిపోయి ప్యాంట్లన్నీ అవ్వ మీద పడ్డాయి. ప్యాంట్ల కింద నుంచి అవ్వ, "ప్రభువా, నేను సిద్ధమే, అయితే ఇట్ల కాదు" అంది. చుట్టాలొస్తే చాలు, ఎవరూ అడగకుండానే కాలు ఎత్తి చూపించేదాన్ని. కురుగోడు మామ ఒకసారి, "సరే పాపా, బాగ లేపినావు. దించేది గూడా వస్తాదా?" అన్నాడు. ఆయనకు అసూయ అనుకున్నాను.

పోటీకి హొసపేట రేణుక వస్తుందని తెలిసేసరికి నా గర్వానికి జ్వరమొచ్చింది. రేణుక తన్నితే మగపిల్లలే షెడ్డు బయట దాక్కుంటారని చెప్పుకునేవాళ్ళు. నా కాలు చాలదు, నాకొక ఉపాయం కావాలి అనుకున్నాను. అప్పుడే మా వీధిలో వాంగప్ప సంగతి జరిగింది. వాంగప్ప చీనా పళ్ళ డాక్టరు. వాళ్ళ నాయన ఓడలో కలకత్తా చేరాడట, ఈయన అక్కడే పుట్టి, కుర్రతనంలో రైలెక్కి మన ఊర్లో దిగి, స్టేషన్ దారిలో పెద్ద గులాబీ రంగు దవడ బొమ్మ పెట్టి అంగడి తెరిచాడు. అసలు పేరు వాంగ్. మన ఊరు ఎవర్నైనా అప్ప చేసేస్తుంది కదా, ఆయన్ను వాంగప్ప చేసింది. ఆ రోజు పన్ను పీకించుకున్న ఒక లారీ క్లీనరు తాగి వచ్చి, మంచి పన్ను పీకినావని ఆయన చొక్కా పట్టుకున్నాడు. వాంగప్ప అలా చెయ్యి వేశాడో లేదో, అంత మనిషీ అంగట్లోంచి వచ్చి మోరీ గట్టు మీద కూర్చున్నాడు. నేను కళ్ళారా చూశాను. సండూరు కొండలన్నీ చీనాకు పోతున్నాయి, నాకు కావలసిన చీనా మాత్రం దేవుడు మా వీధి చివరే పెట్టాడని పొంగిపోయాను.

పొద్దున్నే పోయి అంగడి మెట్టు మీద నిలబడ్డాను. "మాస్టరూ, నాకు ఆ ఉపాయం చెప్పాల."

"ఏ ఉపాయం?"

"ముట్టుకుంటే మనిషి కూలబడేది."

"నీకు పన్ను నొస్తాందా?"

"లేదు."

"నొయ్యకపోతే ఈడ ఏం పని? జా, జా, ఇంటికి పో."

మరునాడూ పోయాను, ఆ మరునాడూ పోయాను. విసుగొచ్చి, "నీకు నిలబడేది వస్తాదా?" అని అడిగాడు. "నిలబడేది ఎవురికి రాదు మాస్టరూ!" అన్నాను, చెవి దాకా కాలు లేపే మనిషిని కదా. "చూపించు" అన్నాడు. కాళ్ళు ఎడంగా పెట్టి, సినిమా పోస్టరు మాదిరి నిలబడ్డాను. ఆయన చేతిలో అప్పుడే పోత పోసిన పళ్ళ సెట్టు ఉంది. దాంతోనే నా భుజాన్ని మెల్లగా తోశాడు. నేను వెనక్కి పోయి నోరు పుక్కిలించే బకెట్లో కూర్చున్నాను. కుర్చీలో నోరు తెరుచుకుని ఉన్న ముసలాయన ఆ నోరు తెరిచే నవ్వాడు.

అలా మొదలైంది నా చదువు. అంగడి పైన మిద్దె. ఒక పక్క సుద్దతో పోసిన దవడలు ఎండకు పెట్టి ఉండేవి, ఇంకో పక్క నేను. "గుర్రం ఎక్కు" అనేవాడు. "గుర్రం యాడుండాది మాస్టరూ?" "నువ్వు కూర్చుంటే వస్తాది." తొడలు అడ్డంగా వంచి, వీపు నిటారుగా పెట్టి, లేని గుర్రం మీద సవారీ. కాసేపటికి తొడలు సెగ పుట్టేవి, మోకాళ్ళు వాటంతటవే వణికేవి. ఎండలో ఆ దవడలన్నీ నన్ను చూసి పళ్ళికిలించేవి. వాటిలో కొన్ని మా వీధి వాళ్ళవే. తన్నడం ఎప్పుడు నేర్పుతావని నేనడిగితే, "నువ్వు తన్నేది శానా బాగుంది, పిట్టలు బెదిరేటట్టు" అని కిందికి దిగిపోయేవాడు.

ఆయన పద్ధతి ఒకటి మన బళ్ళారిలోనే సాధ్యమయ్యేది. తెల్లారేసరికి ఊర్లో మిద్దెలన్నిటి మీదా ఎర్ర దుమ్ము పలచగా పరుచుకుని ఉండేది. అందరూ లేచీ లేవగానే తిట్టుకుంటూ ఊడ్చేవాళ్ళు. వాంగప్ప మాత్రం నేను వచ్చేదాకా ఒక్క చీపురు పడనిచ్చేవాడు కాదు. ఆ దుమ్ములో నన్ను వట్టికాళ్ళతో నడిపించేవాడు, తిప్పేవాడు, గుర్రమెక్కించేవాడు. తర్వాత కళ్ళద్దాలు పెట్టుకుని, పుచ్చిన పన్ను వెతికినట్టు నా అడుగులు వెతికేవాడు. "ఇది ఎవురి మడమ? నీదేనా? మరి ఈడ అచ్చు పడలేదేంది? నీ బరువంతా ముక్కు మీద పెట్టుకోని తిరుగుతాండావు." ఇంకో చోట, "ఈడ చూడు, బొటనవేలు నేలను పీకుతాంది. భయం. మనిషి నవ్వుతాంటాది, వేలు చెప్తాది." నేను ఎంత బుకాయించినా నా కింది దుమ్ము ఒప్పుకునేది కాదు. ఆఖర్న చీపురు నా చేతికిచ్చేవాడు. మిద్దె ఊడ్చి ఇంటికి పోతే, మళ్ళీ అమ్మ చీపురు ఇచ్చేది. షెడ్డులో బసవరాజు సార్ కన్నడంలో, "ఏనమ్మా, కుదురె బంతా?" అనేవాడు, గుర్రం వచ్చిందా అని. తోటిపిల్లలు గడ్డి తెచ్చి నా సంచిలో పెట్టేవాళ్ళు.

అవన్నీ ఓర్చుకున్నాను గానీ ఒకటి మాత్రం లోపల గుచ్చుకునేది. రోజూ ఇంటి నుంచి ఫ్లాస్కులో టీ తీసుకుపోయేదాన్ని. గురువు కదా, వంగి రెండు చేతులతో గ్లాసు అందించేదాన్ని. "ఆడ పెట్టు" అనేవాడు. చల్లారి పైన తెట్టు కట్టేది, తాగేవాడు కాదు. మన పక్క ఎంత శత్రువైనా ఇంటి టీ తాగకుండా పోనియ్యరు. అవ్వకు చెబితే నశ్యం డబ్బా మూసేసి, చెప్పులేసుకుని, ప్రార్థనకు పోయే చీర కట్టుకుని బయల్దేరింది. వెనకాలే నేను.

"ఏమప్పా వాంగప్పా, మా ఇంటి టీ తాగితే నీ కులం పోతాదా? మా పాప నీ మిద్దె ఊడ్సాల, మా టీ మాత్రం నీకొద్దా?"

ఆయన గబగబా చేతులు తుడుచుకుని అవ్వకు స్టూలు వేశాడు. "అయ్యో అమ్మా, కోపం నక్కో. మా వాళ్ళల్ల ఒక రివాజుండాది. నేర్చుకునే మనిషి వంగి రెండు చేతుల్తో టీ ఇస్తే, గురువు తాగితే, ఇంక ఆ పొద్దు నుంచి ఆ బిడ్డ వాళ్ళింటి బిడ్డ. ఆకలైతే అన్నం పెట్టాల, తప్పు చేస్తే తిట్టాల, నేను చస్తే ఆ బిడ్డ ఏడవాల. ఊరికే తాగేది కాదు."

"తాగు మరి! అన్నం మేం పెడతాంలే."

"మీ పాప నా దగ్గరికి ఉపాయం కొనుక్కోని పోదామని వచ్చినాది. ఆయమ్మ అంగడికొచ్చిన గిరాకీ. గిరాకీ టీ నేనెట్ల తాగేది?"

అవ్వ నా వైపు తిరిగి, "ఆయప్ప చెప్పింది నిజమే కదనే" అంది. అవ్వ ఎవరి పక్షాన పోట్లాడటానికి వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. ఆఖరికి ఫ్లాస్కులో టీ అంతా అవ్వే తాగింది.

పోటీ రోజు కల్యాణ మంటపంలో చాపలు పరిచారు. ముందు వరసలో సోఫా, దాని మీద ధణి తల్లి, పక్కన వక్కాకు పెట్టె. నాయన లారీ రోడ్డు పక్కన ఆపి, ఎర్ర ముఖంతోనే వచ్చి వెనక స్తంభం దగ్గర నిలబడ్డాడు. దగ్గు వినిపించకుండా నోటికి తుండు అడ్డం పెట్టుకున్నాడు. అదే నన్ను పాడు చేసింది. ఆయనకు కనబడేటట్టు గొప్పగా మొదలుపెట్టాలని గంట కొట్టీ కొట్టకముందే నా ప్రసిద్ధి చెందిన కాలు లేపాను. కాలు చెవి దాకా లేచింది, రెండో కాలు కూడా దాని వెనకాలే లేచింది. చాప మీద వెల్లకిలా పడి మంటపం పైకప్పు రంగులు చూశాను. వెనక నుంచి కురుగోడు మామ గొంతు: "దించేది నేర్చుకోమంటి కదమ్మా!" ఊరంతా నవ్వింది. లేచానో లేదో రేణుక చెయ్యి నా దవడకు తగిలింది. నోట్లో ఉప్పగా, గట్టిగా ఏదో కదిలింది. ఉమ్మేస్తే పన్ను.

అప్పుడు నాకు ఏ విద్యా గుర్తుకు రాలేదు. వట్టి భయం. భయంతో కాళ్ళు వాటికి రోజూ అలవాటైన పని అవి చేశాయి, నన్ను గుర్రమెక్కించాయి. రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకుని చతికిలబడ్డట్టు నిలబడ్డాను. రేణుక తన్నింది, గుద్దింది, చుట్టూ తిరిగింది. నేను పడలేదు. నేనేదో పోరాడానని అనుకోకండి, అక్కడి నుంచి కదలడానికి ధైర్యం చాలలేదు, అంతే. ఆఖరి గంట కొట్టేసరికి రేణుక మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని రొప్పుతోంది. "అక్కా, నువ్వు మనిషివా, నేలలో దిగ్గొట్టిన గూటమా?" అంది. గెలుపు మాత్రం ఆమెదే, అందులో అనుమానం లేదు. నాయన నా పన్ను తుండులో మూటకట్టుకుని, నన్ను లారీ ఎక్కించి వాంగప్ప దగ్గరికి తీసుకుపోయాడు.

ఆ పన్ను మళ్ళీ అతకదని వాంగప్ప చెప్పాడు. గాయం మానాక కొత్త పన్ను పోసి, వెండి పట్టీ వంచి, పక్క పళ్ళకు తగిలించి కట్టాడు. ఆయన ఆ పని చేస్తుండగానే, "మాస్టరూ, ఇప్పుడన్నా చెప్పు, ఆ క్లీనరును ఎట్ల పడేసినావు?" అని నంగి నంగిగా అడిగాను. "వాడు తాగుండె. నా మీద ఆనుకున్నాడు. నేను పక్కకు జరిగితిని. అంతే" అన్నాడు. ఇన్నాళ్ళు నేను తొడలు కాల్చుకున్నది ఆ ఉపాయం కోసం! నవ్వాలనుకుంటే దవడ రాలేదు. ఆయన పొయ్యి మీదే టీ పెట్టాను. ఎందుకో కాళ్ళు వాటంతటవే వంగాయి. రెండు చేతులతో గ్లాసు పట్టుకున్నాను.

"ఇంగా ఏం కావాల? పోటీ అయిపాయ కదా."

"ఏం వద్దు మాస్టరూ. రేపు గూడా వస్తా."

గ్లాసు తీసుకుని ఒక్క గుక్క తాగి ముఖం వికారంగా పెట్టాడు. "ఛీ, ఇంత చక్కెరనా! ఇట్ల తాగితే మిగతా పండ్లు గూడా నా చేతికే వస్తాయి." అని గ్లాసు ఖాళీ చేశాడు. ఆ రోజు నుంచి నన్ను తిట్టే హక్కు ఆయనకు వచ్చింది, కడదాకా బాగా వాడుకున్నాడు. ఆయన పోయినప్పుడు నేను ఏడ్చాను కూడా. చెప్పిన మాట కదా.

ధణి ఇంటి నుంచి నాకు కబురు రావడం మాత్రం నేను అస్సలు ఎదురుచూడలేదు. రేణుకను ఆ ఇంటి కోడలి పక్కన పెట్టుకున్నారు, ఆమె కార్లలో, విమానాల్లో తిరిగింది. ధణి తల్లి నన్ను కావాలని అడిగిందట. నేను పోయి నిలబడితే పైనించి కిందికి చూసి, "ఆ హొసపేట పాప ఎగురుతాంది. నేను ఈ గది నుంచి ఆ గదికి పోయేదాన్ని, నాకు ఎగిరే మనిషి ఏమిటికి? నువ్వైతే యాడ పెడితే ఆడ ఉంటావు" అంది. ఇంతకన్నా గౌరవంగా నా విద్యను ఎవరూ పొగడలేదు. ఆ ఉద్యోగం చేసినన్నాళ్ళూ నేను ఒక్క తన్ను కూడా తన్నలేదు. పెళ్ళిళ్ళలో, పూజల్లో ఆ ముసలమ్మ కుర్చీ వెనక నిలబడ్డాను. వాంగప్పతో చెబితే, "నిలబడేదానికి జీతమా? నేను ఉత్తపుణ్యానికి నేర్పితినే!" అని నెత్తి కొట్టుకున్నాడు.

తర్వాత కొండల్లో గనులు మూతపడ్డాయి, లారీలు ఎక్కడివక్కడ తుప్పు పట్టాయి, ఆ ఇంటి వాకిట్లో జనం పలచబడ్డారు, నేనూ ఇంటికొచ్చాను. ఇప్పుడు మా మిద్దె మీద వడియాలు పెడితే తెల్లగానే ఎండుతాయి. మా చిన్నది ఫోన్లో చూసి గాలిలో కాళ్ళు విసురుతుంది. రేపో మాపో నాకు నేర్పేటట్టుంది. నేను గుర్రమెక్కి చూపిద్దామని మొన్న వంగాను, లేవడానికి మా ఆయన రావలసి వచ్చింది. ఆ కాలమే మంచిదని నేననను. ఆ దుమ్ము ఎంతమంది రొమ్ముల్లో మిగిలిపోయిందో మన వీధిలో లెక్క మీకే తెలుసు. నేను ఒకటి మాత్రం చెబుతాను. నాకు ఉద్యోగమొచ్చిన రోజే నాయన తాళంచెవి ఇచ్చేసి లారీ దిగాడు. ఆటకు అన్న మాటను నిలబెట్టుకున్నాడు. మొదట్లో ఏం చెయ్యాలో తోచక అమ్మ పక్కన కూర్చుని దారాలు కత్తిరించాడు, రెండు ప్యాంట్లు కాళ్ళ దాకా చింపి తిట్లు తిన్నాడు. నెలలు గడిచాయి. ఒక ఆదివారం గుడి నుంచి వచ్చి, అన్నం తిని, వాకిట్లో మంచం మీద పడుకున్నాడు. మేం ఇంట్లో అంట్లు తోముతున్నాం. ఉన్నట్టుండి అమ్మ చేతిలో గిన్నె వదిలేసి బయటికి పరుగెత్తింది. నాయన దగ్గు వినబడని అంత నిశ్శబ్దం ఆమె ఎప్పుడూ ఎరగదు. మంచం దగ్గర గొంతుక్కూర్చుని, సబ్బు నురగ చెయ్యి నాయన ముక్కు దగ్గర పెట్టింది.

నాయన కళ్ళు తెరవకుండానే, "ఏంది సువార్తా, బతికే ఉండానే. పండుకోనీ" అన్నాడు.

మళ్ళీ నిద్రపోయాడు. అమ్మ లేవలేదు. ఆ నురగ చేతితోనే ఈగలు తోలుతూ సాయంత్రం దాకా అక్కడే కూర్చుంది. చాలండి, నా దవడ ఇంక ఒప్పుకోవడం లేదు. పోయి రండి. మీ వాకిట్లో మంచాలు వేసి ఉండాలి, వాటి మీద మీ పెద్దవాళ్ళు ఎండ దిగేదాకా కమ్మగా నిద్రపోవాలి, వాళ్ళను లేపవలసిన అవసరం మీ ఇంట ఎవరికీ రాకుండా ప్రభువు చల్లగా చూడాలి.